వాసన లేదు

జూన్ 6

వచ్చేసింది! పదకొండింటికి లారీ మన గేట్లోకి తిరుగుతుంటే నేను ల్యాబ్ కోటు కూడా విప్పకుండా పరిగెత్తాను. చెక్కపెట్టె విప్పితే తెల్లటి బీరువా లాంటిది, నా భుజం ఎత్తు. అంతే. ఎనిమిది నెలలుగా దీనికోసమే మా ఓనరు మునిరత్నం సార్ వెంటపడ్డాను. ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు వెనక తలుపు తీసి చూసి, "ఇది పన్జెయ్యకపోతే ఏం జేసేది పల్లవమ్మా?" అన్నారు.

చేస్తుంది సార్ అన్నాను.

చేయాలి. నిరుడు బూజు పట్టి ఉబ్బిపోయిన మామిడి గుజ్జు డబ్బాల లోడు వెనక్కొచ్చిన రోజు ఈ ఫ్యాక్టరీ కెమిస్టుని నేనే. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండేది. ఆ మాట ఎప్పుడొస్తుందా అని ఏడాదిగా చూస్తున్నాను.

జూన్ 8

యంత్రం అమ్మిన కంపెనీ ఇంజినీరు సునీల్‌కుమార్ చెన్నై నుంచి వచ్చి బిగించి వెళ్లాడు. మాటకారి. పులికాట్ పక్కన రొయ్యపిల్లల్ని పెంచే చోట, తిరుపతిలో నీళ్ల సీసాలు నింపే చోట, ఓ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట, ఎక్కడెక్కడ ఇలాంటి ఓజోన్ యంత్రాలు పెట్టాడో అన్నీ చెప్పాడు. అన్నిచోట్లా దాని పని ఒకటే. క్రిమి ఒంటి పైపొరను మంట లేకుండా కాల్చేయడం. కాల్చేసి తనూ మామూలు ఆక్సిజన్‌గా మారిపోవడం. క్లోరిన్‌కి ఆ మర్యాద లేదు. పని అయ్యాక కూడా పండు మీదే కూర్చుంటుంది.

మీట నొక్కగానే పెట్టెలో జుమ్మని తేనెపట్టు కదిలినట్టు చప్పుడు. లోపల ఎండుగాలి మీద సన్నటి మెరుపులు. గొట్టంలోంచి మామిడిపండ్లు కడిగే తొట్టిలోకి బుడగలు. ఆ వాసన! దగ్గర్లో పిడుగు పడ్డాక వస్తుందే, అది. ఒకసారి పీల్చి వదిలిపెట్టలేకపోయాను. ఇంత శుభ్రమైన వాసన ఈ షెడ్డులో ఎన్నడూ లేదు.

పోతూ మూడు చెప్పాడు. నీళ్లలో కరగని ఓజోన్ తొట్టి మూతకింద చేరుతుంది, దాన్ని గొట్టంతో పట్టి, ఓజోన్‌ని చంపే నల్లగుళికల డబ్బా గుండా పంపి, ఆ తర్వాతే కప్పు పైకి వదలాలి. గొట్టాలు సిలికాన్‌వే వాడాలి. తొట్టి దగ్గర గాలిలో ఓజోన్ ఎక్కువైతే అరిచే అలారం ఒకటి పెట్టాలి. అలారం మాత్రం విడిగా కొనాలట. "సీజన్ కానీమ్మా, అప్పుడు జూద్దాం" అన్నారు సార్. నేనూ సరే అన్నాను. నెలన్నరే కదా. నాకు ముక్కు ఉంది. ఓజోన్ వాసన ఎంత కొంచెమున్నా తెలుస్తుందని సునీల్‌కుమారే అన్నాడు.

జూన్ 10

ఈ రోజు తాయమ్మకి పాఠం చెప్పాను! పండ్లు ఏరే పద్నాలుగు మంది ఆడవాళ్లకి ఆమే పెద్ద. మోకాళ్ల నొప్పి కాబట్టి అందరూ నిలబడి ఏరుతుంటే ఆమె మాత్రం తొట్టి పక్కన ముక్కాలిపీట వేసుకుని, కింద పడిన కాయల్ని ఏరుతుంది. "ఏంది మేడం ఇది, కరెంటుతో కాయలు కడగతారా?" అని అడిగింది.

మనం పీల్చే ఆక్సిజన్ జంటలు జంటలుగా ఉంటుంది, కరెంటు దెబ్బకి కొన్ని జంటలు విడిపోతాయి, విడిపోయి ఒంటరైనది పోయి ఇంకో జంటని పట్టుకుంటుంది, ఆ ముగ్గురూ కలిస్తే ఓజోన్ అన్నాను.

"మొగుడూ పెండ్లామూ ఉండే ఇంట్లోకి మూడో మనిసి. ఎంతసేపుంటాడు ఆడ?"

"ఈ ఎండలకి నీళ్లల్లో పది, పదిహేను నిమిషాలు. అందుకే దాచిపెట్టుకోవడం కుదరదు తాయమ్మా, ఎప్పటికప్పుడు చేసుకోవాల్సిందే. ఆ మూడోది ఊరికే పోదు, దొరికినదాన్ని పట్టుకుని పోతుంది. బూజు దొరికితే బూజుని, క్రిమి దొరికితే క్రిమిని."

"మనం దొరికితే?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. భలే మాట. పైన ఆకాశంలో ఎండను వడగట్టి మనల్ని కాపాడేది కూడా ఇదేనని చెప్పాను. "అయితే మంచిదే" అంది.

జూన్ 11

పదకొండు!!

కడిగిన కాయ మీద నీళ్లు తీసి, పళ్లెంలో పోసి, రెండు రోజులు వెచ్చగా ఉంచితే బతికున్న క్రిములు చుక్కలుగా పెరుగుతాయి. నిరుడు క్లోరిన్‌తో మూడు వందల చుక్కలకి ఎప్పుడూ తగ్గలేదు. ఈ రోజు పదకొండు. మూడుసార్లు లెక్కపెట్టాను. నాలుగోసారి మెకానిక్ గిరితో లెక్కపెట్టించాను. "పదకొండే మేడం, ఇంగో దాన్ని ఎక్కడన్నా దాసిపెట్టినారా?" అన్నాడు. పళ్లెం పట్టుకుని సార్ గదికి నడిచాను. నడవలేదు, ఎగిరాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి, పళ్లెం నా చేతికిచ్చి, కాఫీ తెప్పించారు. నాకు! ఆయన గదిలో!

జూన్ 13

ఏరే బల్ల ఇంకొకటి వేయడానికి యంత్రాన్ని గోడవైపు జరిపాం. తొట్టి మూత నుంచి గుళికల డబ్బాకి పోయే గొట్టం రెండడుగులు పొట్టి అయింది. సిలికాన్ గొట్టం చెన్నై నుంచి రావాలంటే నాలుగు రోజులు. బయట బెంగళూరా మామిడికాయల ట్రాక్టర్లు రోడ్డు దాకా బారు తీరాయి. గిరి చిత్తూరు బజారు నుంచి నల్లటి రబ్బరు గొట్టం తెచ్చి అతికాడు. "నాలుగు దినాలే గదా మేడం."

నాలుగు రోజులే.

జూన్ 16

తొట్టి దగ్గర వాసన కొంచెం ఎక్కువగా ఉన్నట్టుంటే గిరిని పిలిచి గొట్టం అతుకు మీది క్లిప్పు బిగించమన్నాను. బిగించాడు. తాయమ్మకి పొడిదగ్గు. మామిడిసొన పడదు కొందరికి. సీజన్‌లో ప్రతి ఏడూ ఎవరో ఒకరు దగ్గుతారు. మిరియాలు, బెల్లం తెచ్చిచ్చాను.

నేటి పళ్లెం: తొమ్మిది.

జూన్ 17

రిజిస్టర్లో రాశాను: వాసన లేదు. గిరి బిగింపు బాగా పనిచేసింది.

సిలికాన్ గొట్టం అన్నట్టే నాలుగో రోజుకి వచ్చింది. మార్చాలంటే లైను సగం పూట ఆపాలి. ఆదివారం చూద్దాం.

జూన్ 18

వాసన లేదు. పళ్లెం ఎనిమిది. గొంతులో గరగర, ల్యాబ్ ఏసీ వల్ల.

జూన్ 20

గొప్ప రోజు! మన గుజ్జు కొనే కంపెనీవాళ్లు ఇరవై ఏడో తేదీ తనిఖీకి వస్తున్నారట. నిరుడు లోడు వెనక్కి పంపింది వాళ్లే. ఈ పళ్లేల ఫొటోలు సార్ వాళ్లకి పంపారట. ఫోన్‌లో ఆయన "మా పల్లవమ్మ" అనడం కిటికీలోంచి విన్నాను.

ఏరేవాళ్లలో ఇద్దరు రాలేదు. పెళ్లిళ్ల రోజులు కదా. మిగతావాళ్లు తలనొప్పి అంటున్నారు. ఎండ.

వాసన లేదు.

జూన్ 22

ఆదివారం. గొట్టం మార్చలేదు. పొద్దున్నే పందొమ్మిది ట్రాక్టర్లు, ఎలా ఆపుతాం? తాయమ్మ రాలేదు. ఆదివారం చర్చికి పోయి మధ్యాహ్నానికైనా వచ్చేది. వాసన లేదు.

జూన్ 23

 వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

మధ్యాహ్నం బంగారుపాళెం రైతు చిన్నబ్బ తన లోడులో కాయలు ఎందుకు తీసేశామని అడగడానికి నేరుగా షెడ్డులోకి వచ్చాడు. గుమ్మం దాటి రెండడుగులు వేసి ఆగిపోయాడు. తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏందిమ్మా, ఈడ పిడుగేమైనా బడిందా?"

"ఏమైంది?"

"ఈ వాసనేంది? కండ్లు మండతా ఉండాయి. మీకు తెలీడం లా?"

తెలియడం లేదు. నిజంగా తెలియడం లేదు. గట్టిగా పీల్చాను, ఏమీ లేదు. ఏరేవాళ్లని చూశాను. పదిమందే ఉన్నారు. అందరూ నన్నే చూస్తున్నారు. 

బయటికెళ్లి ట్రాక్టర్ల దగ్గర చిన్నబ్బ బండి నీడలో అరగంట కూర్చున్నాను. ఆయన తన కాయల గొడవ చెబుతూనే ఉన్నాడు. ఒక్క ముక్క వినలేదు. తర్వాత లేచి షెడ్డులోకి నడిచాను. గుమ్మం దగ్గరే మొహాన కొట్టింది. అదే వాసన. నేను శుభ్రం అనుకున్న వాసన. ఎనిమిదో తేదీన వచ్చినదానికన్నా ఎన్నో రెట్లు.

వాసన పోలేదు. నా ముక్కు అలవాటు పడిపోయింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ నాకు!

నేల మీద మోకాళ్లమీద కూర్చుని గొట్టం తడిమాను. గిరి అతికిన నల్ల రబ్బరు, వంపు తిరిగే చోట, ఎండాకాలం మడమల్లా పగిలిపోయి ఉంది. పగుళ్లలోకి గోరు దిగింది. రబ్బరుని ఓజోన్ తినేస్తుంది. ఇది నాకు తెలుసు! సిలికానే ఎందుకు వాడమన్నాడో తెలుసు!

అలారం లేదు. రుజువు లేకుండా లైను ఆపితే సార్ ఒప్పుకోరు. ఏం చేయాలి? అప్పుడు గుర్తొచ్చింది, క్లోరిన్ కొలిచే పొటాషియం అయొడైడ్ ల్యాబ్‌లో అరసీసా ఉంది. మొక్కజొన్న పిండి గంజి కాచి, అందులో అది కలిపి, వడపోత కాగితాలు ముంచి, చీకటి అలమరలో ఆరబెట్టాను. తడిపి గాలిలో పెడితే, ఓజోన్ ఉంటే నీలంగా మారాలి. ఆ గంటసేపు నా గుండె ఎలా కొట్టుకుందో! భయం కూడా, సరే. కానీ నిజం, భయం ఒక్కటే కాదు. ఇలాంటి పని చేయడానికే కదా చదివాను అనిపించింది.

ల్యాబ్ గుమ్మం దగ్గర కాగితం తెల్లగానే ఉంది. ఏరే బల్ల మీద, ఆడవాళ్ల ఛాతీ ఎత్తులో, రెండు నిమిషాలకి వంకాయపువ్వు రంగు. తాయమ్మ ఖాళీ ముక్కాలిపీట మీద పెట్టాను. చేయి వెనక్కి తీసుకునేలోపే నీలం. ఓజోన్ గాలికన్నా బరువు, కిందికే దిగుతుంది. తొట్టి పక్కన అందరికన్నా కింద కూర్చునేది తాయమ్మే.

పోయి ఎర్ర మీట నొక్కాను. జుమ్మనే చప్పుడు ఆగింది. తలుపులన్నీ తెరిపించి అందరినీ బయటికి పంపాను.

సార్ వచ్చారు. "ఎవురినడిగి ఆపినావు? తొట్లో నాలుగు టన్నులుండాది. శుక్రవారం వాళ్లొస్తా ఉండారు. రేపు మార్చుకోవచ్చు గదా!"

కాగితం చూపించాను. "ఇది తాయమ్మ కూర్చునే చోటు సార్."

"నువ్వే గదా ఇన్నాళ్లూ వాసన లేదని రాసినావు!"

"నేనే సార్. తప్పు రాశాను."

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "నిరుడు డబ్బాలు. ఈ యేడు ఇది."

వచ్చింది. ఏడాదిగా ఎదురుచూసిన మాట. తగిలింది కూడా. తగిలాక ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయింది, ఎందుకో తెలియదు. "అవును సార్. అయినా ఆ రబ్బరుతో ఇది మళ్లీ నడవదు" అన్నాను. నా గొంతేనా అది!

జూన్ 24

తాయమ్మ ఊరు ఫ్యాక్టరీకి మూడు కిలోమీటర్లు. పొద్దున స్కూటీ మీద పోయాను. మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. మాట మాటకీ దగ్గు. పెద్ద ఊపిరి తీస్తే రొమ్ములో పట్టేస్తుందట. ఆటో పిలిచి చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోయాను. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఊపిరి గొట్టాలు వాచాయని, ఆ గాలికి దూరంగా ఉంటే తగ్గుతుందని డాక్టరమ్మ పీల్చే మందు రాసింది. ఏం గాలి, ఎన్ని రోజులు, అన్నీ చెప్పాను, ఏదీ దాచలేదు.

బయట బెంచీ మీద తాయమ్మకి కూడా చెప్పాను. గొట్టం సంగతి, వారం రోజులుగా స్టోర్‌లో పడున్న కొత్త గొట్టం సంగతి, అలారం వద్దంటే సరే అన్న సంగతి. 

"దినమ్మూ వాసన లేదు, వాసన లేదు అని రాసినావంట. గిరి చెప్పినాడు."

"రాశాను."

"మమ్మల్ని ఒక్క మాట అడిగినావా? పద్నాలుగు మంది ఉండామే ఆడ. తలకాయ నొప్పి అంటా ఉంటిమి, కండ్లు మంట అంటా ఉంటిమి. సదువుకున్న బిడ్డ, ఏం లేదంటా ఉండాదే, మనకే ఏదో తెగులు అనుకుంటిమి."

 క్షమించమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. కాదనా, వద్దనా, తెలియలేదు. "ఆటో పిలు. ఎండెక్కతా ఉండాది" అంది.

జూన్ 25

ఏమీ రాయలేను.

జూన్ 26

సిలికాన్ గొట్టం వేశాం. రబ్బరు ముక్కని గిరి పారేయబోతే ఆపి ల్యాబ్ గోడకి మేకు కొట్టి వేలాడదీశాను. ప్రస్తుతానికి పాత పద్ధతిలో క్లోరిన్‌తోనే కడుగుతున్నాం. సునీల్‌కుమార్‌కి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "మేడం, మీరు దానికి ముక్కుని నమ్ముకున్నారా?" అన్నాడు. అలారం సోమవారానికల్లా తెస్తానన్నాడు. సార్ కూడా కాదనలేదు. 

జూన్ 27

తనిఖీకి ఒక్కావిడే వచ్చింది, నందిని అని, నా ఈడుది. పళ్లేలు చూసి మెచ్చుకుంది. ఆ తర్వాత రిజిస్టర్ అడిగింది. సార్ నా వైపు చూశారు. ఆ పేజీలు నేను చింపలేదు. ప్రతి "వాసన లేదు" మీదా గీత కొట్టి, పక్కన ఎర్ర సిరాతో "తప్పు. ముక్కు అలవాటు పడింది. కొలవలేదు" అని రాసి సంతకం పెట్టి, కింద నీలం కాగితాల పరీక్ష సంగతి కూడా రాసి ఉంచాను.

నందిని నిదానంగా అన్నీ చదివింది.  "ఆ కాగితాలు చూపించండి" అంది. చూపించాను. చేసే పద్ధతి రాసుకుంది! అలారం పెట్టి, వారం రోజులు గాలి కొలతలు పంపితే, మళ్లీ వచ్చి చూస్తానంది. మీ గుజ్జు వద్దు అనలేదు! అనలేదు!

జూలై 2

తాయమ్మ వచ్చింది. దగ్గు తగ్గింది, మనిషి చిక్కింది. ముఖం మాత్రం వెనకటిదే. షెడ్డు గుమ్మంలో నిలబడి లోపలికి రాకుండా నన్ను పిలిచింది.

"ఆ కాయితాలు ఎట్ల జేస్తావో మాకు నేర్పీ. మేమే జేసుకుంటాం, మేమే జూసుకుంటాం."

"అలారం కూడా వచ్చింది తాయమ్మా."

"అది అరిస్తే అరవనీ. నా కంటికి అగపడాల. ఇంగోటి, ఆ ఎర్ర బుడిపె మిసను కాడ కాదు, మా బల్ల కాడ ఉండాల. నా సెయ్యికి అందేతట్టు."

సార్‌ని అడగాలి అన్నాను. "నేనడుగుతా పో" అని ఆఫీసు గదికి నడిచింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. వెనకాలే సార్ కేక: "గిరీ! ఆ స్విచ్చి వైరు లాగి ఏరే బల్ల కాడ పెట్రా!"

మధ్యాహ్నమంతా ల్యాబ్‌లో పద్నాలుగు మందీ! గంజి కాచడంలో నన్ను వెక్కిరించారు. నాది ఉండలు కట్టిందట. నిజమే, వాళ్లు కాచింది అద్దంలా ఉంది. కాగితాలు నావాటికన్నా సమంగా తడిశాయి.

జూలై 3

పొద్దున తొమ్మిదికి యంత్రం వేశాం. తాయమ్మకి ఎత్తు కుర్చీ. బల్ల మీద, నేల మీద, గొట్టం వంపు దగ్గర, గుమ్మం దగ్గర, ఏడు కాగితాలు. ఎవరూ కాయల్ని ముట్టుకోలేదు. ఒక నిమిషం. ఐదు. పది. తెలుపు. ఏడూ తెలుపే! అలారం అద్దం మీద సున్నా. తాయమ్మ నేల మీద కాగితాన్ని ఎత్తి, ట్యూబ్‌లైటుకి అడ్డం పెట్టి చూసి, "కానీండి మే" అంది. కాయలు దొర్లాయి.

నాకు అరవాలనిపించింది. బయటికెళ్లి అరిచాను కూడా. ట్రాక్టర్లవాళ్లు భయపడ్డారు.

జూలై 8

పళ్లెం పది. గాలి కొలతలు ఐదు రోజులవి నందినికి పంపాను. కానీ రాయాల్సింది అది కాదు.

పదకొండున్నరకి ల్యాబ్‌లో ఉంటే ఒక్కసారిగా జుమ్మనే చప్పుడు ఆగిపోయింది. బల్ల మీద కాయలు దొర్లే చప్పుడు కూడా ఆగింది. పరిగెత్తాను. ఆడవాళ్లంతా బయట వరసగా నిలబడి ఉన్నారు. తాయమ్మ గుమ్మంలో, చేతిలో నీలం కాగితం.

"నీలమయింది. ఆపినాను."

ఎవరినీ అడగలేదు. నన్ను కూడా. గేటు బయట ఇరవై రెండు ట్రాక్టర్లు, హారన్లు. నేనూ గిరీ తడిబట్ట ముక్కుకి కట్టుకుని లోపలికి పోయాం. అలారం చూస్తే సున్నా. కొత్త కాగితాలు గొట్టం పొడవునా పెట్టాను, తెలుపే. తాయమ్మ కాగితం ఉన్న మూల మాత్రం నీలం. వంగి చూస్తే నేలంతా తడి, కాలవలో తెల్లటి పొడి. కాలవ కడిగినవాళ్లు బ్లీచింగ్ పౌడర్ చల్లిపోయారు. దాని క్లోరిన్‌కి కూడా ఈ కాగితం నీలంగా మారుతుంది. ఓజోన్ చుక్క కూడా బయటికి రాలేదు.

నలభై నిమిషాలు పోయాయి. సార్ వచ్చారు. చెప్పాను.

"అయితే ఓజోన్ గాదు గదా?"

"కాదు సార్."

"అయితే ఊరికే ఆపినట్టే గదా?"

పద్నాలుగు మందీ నన్నే చూస్తున్నారు. ఆ రోజు చిన్నబ్బ అడిగినప్పుడు చూశారే, అలాగే.

"ఊరికే కాదు సార్. కాగితం నీలమైతే ఆపాలి. ఎందుకైందో తర్వాత మనం వెతుక్కోవాలి. తాయమ్మ సరిగ్గా చేసింది."

"రేపు మల్లా నీలమయితే మల్లా ఆపుతా" అంది తాయమ్మ ఆయన ముఖంలోకే చూస్తూ.

సార్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. హారన్లు చెవులు పగలగొడుతున్నాయి. గేటు వైపు గబగబా నడిచిపోయారు. నేను కాలవ కడిగించడానికి గిరిని పంపుతుంటే, అక్కణ్నుంచి, ఆ హారన్లన్నిటి మీదుగా, ఆయన గొంతు వినిపించింది.

"ఉండండప్పా రోంతసేపు! మా తాయమ్మ ఆపింది. ఆమె పొమ్మంటేనే పోయేది!"